జుజిట్సు పుట్టిన ఊరు

జుజిట్సు ఏ ఊళ్లో పుట్టిందో నెలాఖరులోగా ధ్రువపత్రంతో సహా తేల్చకపోతే, పెదరేవు పురపాలక బాలికల ఉన్నత పాఠశాలలో ఆ విద్య నేర్పుతున్న మేడమీద గదిని విరిగిన కుర్చీలకు కేటాయిస్తామని పంపన వీరమణికి సోమవారంనాడు కాగితం వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి తప్పు ఎక్కడుందా అని చూసింది. రెండోసారి తనకే అర్థం కావడం లేదేమో అని చదివింది. మూడోసారికి అర్థమైంది. కుర్చీల విషయంలో అధికారులకు అనుమానం లేదు. అవి ఈ ఊళ్లోనే విరిగాయి.

వీరమణికి ముప్పై తొమ్మిదేళ్లు. ఆ గదిలో ఆరేళ్లుగా సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ముప్పై ఒక్కమంది ఆడపిల్లలకు నేలమీద పోరాడటం నేర్పుతోంది. వాళ్లలో సగం మంది ఇళ్లు రేవు రోడ్డు చివర, రొయ్యల కంపెనీ గోదాముల వెనక. బడి నుంచి ఇంటికి పోవాలంటే ఆ గోదాముల పక్కనుంచే పోవాలి. అక్కడ పిట్టగోడ మీద కూర్చుని వచ్చేపోయే పిల్లల్ని పలకరించే మనుషులు కొందరుండేవారు. ఈ ఆరేళ్లలో వాళ్లు ఒక్కొక్కరే గోడ మార్చుకున్నారు. ఇద్దరైతే చెయ్యి కూడా మార్చుకున్నారు, కుడిచెయ్యి పూర్తిగా లేవక ఎడమచేత్తో తింటున్నారు. ఆ గది పోతే ఆ గోడ మళ్లీ నిండుతుందని వీరమణికి తెలుసు. ఆమె భయమల్లా అదే.

అందుకని మర్నాడు పొద్దున్నే పురపాలక కార్యాలయానికి వెళ్లింది.

ఆ ఏడాది పెదరేవులో స్థానికత మీద ప్రేమ బాగా పెరిగింది. పుర పరిధిలో ఆడే ప్రతి ఆటా పుర పరిధిలోనే పుట్టి ఉండాలని తీర్మానం చేశారు. దాన్ని అమలు చేయడానికి ముక్కామల విశ్వనాథం గారిని స్థానిక క్రీడా సంరక్షణ ప్రత్యేకాధికారిగా వేశారు. ఆయన వచ్చిన నెలలోనే క్యారమ్ బోర్డులు గోడకు తిరిగి నిలబడ్డాయి. షటిల్ ఆట పుట్టిన ఊరు తేలకపోయేసరికి, విచారణ పూర్తయ్యేదాకా నెట్టు కట్టుకోవచ్చునని, కాక్ మాత్రం కొట్టరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరు డాక్టర్లు రోజూ తెల్లవారుతూనే బ్యాట్లు పట్టుకుని వచ్చి, నెట్టుకు అటొకరూ ఇటొకరూ ఓ అరగంట నిలబడి వెళ్తున్నారు. ఆరోగ్యం కుదురుగానే ఉందంటున్నారు.

విశ్వనాథం గారు యాభై దాటిన మనిషి. ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు.

"ఆసీనులు కండి," అన్నారాయన. "మీరు దరఖాస్తు పూరించవలసి ఉన్నది."

వీరమణి దరఖాస్తు తీసి చూసింది. "ఇక్కడ తండ్రి పేరు అని ఉందండి."

"అవును. కళ యొక్క తండ్రి పేరు. తండ్రి లేని పక్షమున సంరక్షకుని పేరు రాయవచ్చును."

"పుట్టుమచ్చలు రెండు అని ఉందండి."

"ఒకటి ఉన్నా పరిశీలించబడును. కార్యాలయం మరీ కఠినంగా వ్యవహరించదు."

పక్క బల్ల దగ్గర గుమాస్తా భద్రం తల ఎత్తలేదు. పాతికేళ్ల సర్వీసు. ఈ కార్యాలయంలో ఎప్పుడు తల ఎత్తకూడదో తెలిసిన మనిషి.

"అది జపాన్‌లో పుట్టిందండి," అంది వీరమణి.

"జపాన్ ఏ మండలం?"

"దేశమండి."

"భద్రం గారూ, అది మన పరిధిలోనికి వచ్చునా?"

"రాదనుకుంటానండి ఆయ్," అన్నాడు భద్రం, తల ఎత్తకుండానే.

ఆయన పెన్ను మూత తీసి, "కళ యొక్క పూర్వాపరాలు వివరించండి," అన్నారు.

వీరమణి తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పింది. "పూర్వం అక్కడ కత్తులతో యుద్ధాలు చేసేవారు కదండీ. కత్తి జారిపోయినోడు ఏం చెయ్యాలి అన్నకాడ మొదలైందంటారండి. చేతిలో ఏమీ లేనోడు, మీద పడ్డోడి బలాన్నే వాడుకోవడం. మెత్తని విద్య అని ఆ పేరుకి అర్థమంట. నూరేళ్ల కిందట ఒక జపానాయన ఓడెక్కి బ్రెజిల్ వెళ్లి అక్కడ నేర్పాడండి. అక్కడి బక్కపల్చటోళ్లు, నిలబడి కొడితే నెగ్గలేమని, ఎదరోణ్ణి నేల మీదకి లాగి నెగ్గడం మరిగారు. అక్కణ్నించి మా సూరన్న బాబాయ్ తెచ్చాడండి."

"జన్మస్థలం ఒకచోట, పెంపకం వేరొకచోట, ప్రస్తుత నివాసం ఇంకొకచోట," అన్నారు విశ్వనాథం గారు రాసుకుంటూ. "బ్రెజిల్ నుంచి బదిలీ పత్రం ఉన్నదా?"

"లేదండి."

"జపాన్ నుంచి నిరభ్యంతర పత్రం?"

"వాళ్లకి మా సంగతి తెలీదండి."

"తెలియకుండా తీసుకురావడం మరింత గంభీరమైన విషయం," అన్నారాయన. కానీ ఆయన దయగల మనిషే. స్థానిక విచారణ జరిపించి, పుట్టుక సంగతి తరువాత చూద్దామని చెప్పి, దరఖాస్తు రెండో పేజీ ఇంటి దగ్గర పూరించి తెమ్మన్నారు.

రెండో పేజీలో బోధకురాలి వృత్తి చరిత్ర అని పది గీతలున్నాయి. వీరమణి రేవు రోడ్డు మీద సూరన్న టిఫిన్ బండి దగ్గర బల్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పద్నాలుగో ఏట కల్యాణమండపంలో ఓ రైల్వే ఉద్యోగి దగ్గర కరాటే. ఆయన పెంకులు పగలగొట్టడం నేర్పాడు. ఇంటి దగ్గర సాధన చెయ్యమన్నాడు. వర్షాకాలం వచ్చేసరికి వాళ్ల వంటగదికి పైకప్పు లేదు, అమ్మ మాన్పించింది. తరువాత తాలింఖానాకి వెళితే ఆడపిల్లల్ని రానివ్వమన్నారు. బయట నిలబడి చూస్తానంటే, చూస్తే కుస్తీ పట్టేవాళ్లు సిగ్గుపడుతున్నారని పంపేశారు. పద్దెనిమిదో ఏట రొయ్యలు ఒలిచే పనిలో చేరింది. ఆ రోజుల్లోనే, పని విడిచి వస్తుంటే, ఒక ముసలాయన టిఫిన్ బండి వెనక టార్పాలిన్ మీద తనకంటే రెండింతలున్న హమాలీని కదలకుండా పడుకోబెట్టి, అదే సమయంలో పెసరట్టు మాడిపోతోందని పక్కవాడికి చెప్పడం చూసింది.

ఆ ముసలాయనే లంకే సూరన్న. అప్పటికింకా పూర్తిగా ముసలాయన కాదు. పాతికేళ్లు సరుకు ఓడల మీద వంటవాడిగా తిరిగి వచ్చాడు. ఓసారి బ్రెజిల్ రేవులో ఓడ నలభై రోజులు ఆగిపోతే, ఒడ్డున ఓ చాప మీద కుర్రాళ్లు పెనుగులాడుతుంటే చూసి, రోజూ కూర్చునేవాడు.

"నేను ఆళ్లకి చారు పెట్టడం నేర్పాను, ఆళ్లు నాకు గొంతు పట్టడం నేర్పారు," అని చెబుతాడు. "ఆళ్లకి చారు ఇప్పటికీ కుదిరుండదు."

వీరమణి ఆయన దగ్గర పదమూడేళ్లు నేర్చుకుంది. మూడుసార్లు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, బయటినుంచి వచ్చిన గురువుల ముందు పరీక్షలిచ్చి, నడుముకు కట్టే గోధుమరంగు పట్టీ దాకా తెచ్చుకుంది. రాష్ట్ర పోటీల్లో ఓ వెండి పతకం వచ్చింది. పది గీతల్లో ఇదంతా పట్టలేదు. పదో గీత మీద, నాకు ఇదొక్కటే వచ్చు, అని రాసింది.

"మొదటి రోజు నీకేం నేర్పాను అమ్మాయ్?" అన్నాడు సూరన్న, అట్టు తిరగేస్తూ.

"తట్టడం, బాబాయ్."

"అది రాశావా?"

రాయలేదు. అది రాయవలసిన విషయమని తోచలేదు. ఆ విద్యలో అందరికంటే ముందు నేర్చుకునేది అదే. పట్టు బిగిసినప్పుడు ఎదుటివాళ్ల ఒంటి మీదగానీ నేల మీదగానీ రెండుసార్లు తట్టాలి. తట్టిన మరుక్షణం అవతలివాళ్లు వదిలెయ్యాలి. ఎందుకు తట్టావని అడగకూడదు. వదలని మనిషికి ఆ చాప మీద రెండోరోజు చోటుండదు. అందుకే పిల్లలు భయం లేకుండా ఒకరి చేతికి ఒకరు మెడ ఇస్తారు.

గురువారం భద్రం స్థానిక విచారణకు రేవు రోడ్డుకు వచ్చాడు. చేపల బుట్ట ముందు కూర్చున్న పోలమ్మను మొదటి సాక్షిగా తీసుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నది నివాస విచారణకు వాడే పాత నమూనా. కళలకు వేరే నమూనా ఇంకా అచ్చు కాలేదు.

"జుజిట్సు ఈ వీధిలో ఎన్నాళ్లుగా ఉంటున్నదమ్మా?"

"ఇరవై ఏళ్ల పైమాటే బాబూ. ఆ సూరన్న బండెనకాల టార్పాలిన్ మీద పడతా లేస్తా ఉండేది."

"నడవడిక?"

"మంచిదే. ఎవురి జోలికీ పోదు."

"ఎవరైనా దాని జోలికి వస్తే?"

"అప్పుడు మటుకు చెయ్యి మెలిపెట్టేస్తాది."

సౌమ్యము, షరతులకు లోబడి, అని రాసుకున్నాడు భద్రం. వివాహితమా అవివాహితమా అన్న గడి దగ్గర కాసేపు ఆగి, పోలమ్మ వైపు చూశాడు. "నాకు తెలిసి ఒంటరిదే బాబూ," అంది ఆమె.

తరువాత సూరన్న దగ్గరికి వచ్చాడు. ఇది మన దేశంతో ఏ విధంగానైనా చుట్టరికం కలిగి ఉన్నదా అని అడిగాడు.

"పూర్వం మన భిక్షువులు తూర్పుకి పట్టుకెళ్లారని కొందరంటారు," అన్నాడు సూరన్న. "ఎవుళ్లూ చూళ్లేదు బాబు. మీరు పెసరట్టు తింటారా, ఉప్మా వేయించమంటారా?"

ఉప్మాతోనే వేయించుకుని తిని, భద్రం నివేదిక సమర్పించాడు. విశ్వనాథం గారు దాన్ని చదివి, ఒకచోట ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. వీరమణిని పిలిపించారు.

"భిక్షువులు తీసుకువెళ్లినట్లు ఒక వాదన ఉన్నది. దానిని ఖండించిన సాక్షి ఒక్కడూ లేడు."

"ఎవరూ చూడలేదని చెప్పాడు కదండీ బాబాయ్."

"అదే నేను చెప్పుచున్నది. ఎవరూ చూడలేదు గనుక, ఖండించుటకు ఎవరూ లేరు. తూర్పుకు వెళ్లవలెనన్న ఓడ ఎక్కవలెను. ఓడ ఎక్కవలెనన్న రేవు కావలెను. ఇది రేవు. పైపెచ్చు పెద్ద రేవు. ఊరి పేరులోనే ఉన్నది."

ఆ మధ్యాహ్నమే తీర్మానం అయింది. జుజిట్సు పెదరేవులో పుట్టి, విద్యాభ్యాసం నిమిత్తం జపాన్ వెళ్లి, కొంతకాలం బ్రెజిల్‌లో ఉండి, స్వస్థలానికి తిరిగి వచ్చినట్లు నిర్ణయించారు. దాని కింద సంరక్షకురాలిగా వీరమణి సంతకం పెట్టాలి.

"ఇది అబద్ధం కదండీ," అంది వీరమణి.

"అబద్ధం అనకండి. ఏకగ్రీవం అనండి."

ఆమె పెన్ను అందుకుంది. జపాన్‌లో ఎవరో పేరు తెలియని, కత్తి జారిపోయిన మనిషి గుర్తొచ్చాడు. ఆ మనిషికి అన్యాయం చేస్తున్నట్టనిపించింది. అంతలో గోదాము గోడ కూడా గుర్తొచ్చింది. సంతకం పెట్టేసింది.

వారంలో సూరన్న బండి పక్కన నల్లరాయి పాతారు. జుజిట్సు జన్మస్థలం, పాదరక్షలు విడువవలెను, అని చెక్కారు. అప్పట్నించి బండి దగ్గరికి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఓ క్షణం నిలబడి, పుణ్యస్థలంలో ఉల్లిపాయ తినడం బావుండదేమోనని ఎదురు బండికి వెళ్లిపోతున్నారు.

"నన్ను మట్టిలో పెట్టాక పాతాల్సిన రాయిని ముందే పాతేశారు," అన్నాడు సూరన్న.

గది నిలిచింది కదా అని వీరమణి సర్దుకుంది. అయితే ఊరి కళ అయినాక అది ఊరి నిబంధనలకు లోబడి ఉండాలి. రెండో ఉత్తర్వు రావడానికి నాలుగు రోజులు కూడా పట్టలేదు. దానిపేరు లొంగుబాటు విధివిధానాలు.

వీరమణి దాన్ని తీసుకుని పరుగున వెళ్లింది.

"తట్టుట అనునది దస్తావేజు కాదు," అన్నారు విశ్వనాథం గారు ఓపికగా. "ఎవరు తట్టారు, ఏ అధికారంతో తట్టారు, అసలు తట్టారా లేక దోమను కొట్టారా, ఆధారం ఏదీ? ఇకమీదట లొంగిపోదలచినవారు ఏడవ నమూనాలో దరఖాస్తు చేసుకొనవలెను. పట్టుబడిన అవయవం పేరు, కారణం, ఇద్దరు సాక్షులు. విడుదల ఉత్తర్వు మూడు పనిదినాలలో అందజేయబడును."

"మూడు రోజులు పట్టుకుని ఉండాలాండి?"

"సెలవు దినాలు కలవవు."

"చెయ్యి విరిగిపోద్దండి."

"అట్టి సందర్భంలో అవయవం పేరు మార్చి మరల దరఖాస్తు చేసుకొనవచ్చును."

నాలుగో నిబంధన మరీ గట్టిది. ఉత్తర్వు లేకుండా పట్టు విడిచిన వారిని బోధన నుంచి తొలగిస్తారు, గది మూసేస్తారు. దరఖాస్తు లేకుండా తట్టినవారిని ఆరు మాసాలపాటు ఏ పురపాలక భవనంలోనికీ రానివ్వరు. పర్యవేక్షణకు భద్రం రోజూ నాలుగింటికి ఏడవ నమూనాల కట్టతో గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. అది విరిగిన కుర్చీల్లోదే, జాగ్రత్తగా ఓ పక్కకి ఒరిగి కూర్చునేవాడు.

మొదటిరోజు ముప్పై ఒక్కమంది పిల్లలూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ పట్టుకోలేదు.

"ఏమ్మా, మొదలెట్టండి," అంది వీరమణి.

"పట్టుకుంటే వదలకూడదంట కదక్కా," అంది తొమ్మిదో తరగతి చదివే నూకరత్నం. "రేపు నాకు లెక్కల పరీక్ష ఉంది."

ఇంకో పిల్ల, "సాక్షి సంతకం పెట్టేవాళ్లు మైనర్లయితే చెల్లదంట మేడమ్," అంది.

రెండోరోజు ఇరవైమంది వచ్చారు. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది. వాళ్లు కూడా కూర్చుని హోంవర్కు చేసుకుని వెళ్తున్నారు. వీరమణికి గది మిగిలింది, అందులో విద్య లేదు. అబద్ధానికి సంతకం పెట్టి కూడా కాపాడుకోలేకపోయానని మొదటిసారి ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ సాయంత్రం నూకరత్నం ఇంటికి వెళుతూ, గోడ మీద ఇద్దరు కూర్చున్నారని చెప్పింది. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది.

నెలాఖరున జుజిట్సు అవతరణ దినోత్సవం పెట్టారు. బడి ఆవరణలో పొద్దున పదింటికి షామియానా, వేదిక మీద చాప. పెద్దలు మాట్లాడారు. చెప్పులు లేకుండా కూర్చున్న సూరన్నకు శాలువా కప్పారు. ఆయన దాన్ని మడిచి, వేడి గిన్నెలు దించడానికి బావుంటుందని పక్కన పెట్టుకున్నాడు. చివరికి విశ్వనాథం గారు తెల్లటి దుస్తుల్లో చాప మీదకి వచ్చారు. సంరక్షకురాలి చొక్కా మెడపట్టీ పట్టుకుని నిలబడి ఓ ఫోటో తీయించుకోవాలని ఆయన కోరిక. కార్యక్రమ పత్రంలో అంతవరకే ఉంది.

ఆయన రెండు చేతులతో వీరమణి మెడపట్టీ పట్టుకున్నారు. ఫోటో తీసే ఆయన, "కొంచెం గట్టిగా పట్టుకోండి సార్, సహజంగా రావాలి," అన్నాడు. ఆయన గట్టిగా పట్టుకుని ముందుకు తోశారు.

వీరమణి ఏమీ ఆలోచించలేదని తరువాత ఎవరడిగినా చెప్పింది, అది నిజమే. ఇరవై ఒక్క ఏళ్లుగా మెడపట్టీ పట్టుకున్న మనిషిని ఏం చేస్తుందో అదే చేసింది. జనం చూసేసరికి ప్రత్యేకాధికారి గారు వెల్లకిలా ఉన్నారు. ఆయన కుడిచెయ్యి ఆమె రెండు మోకాళ్ల మధ్య, నిటారుగా, ఓటింగుకు లేపినట్టుంది.

భద్రం ఏడవ నమూనా పట్టుకుని వేదిక మీదకి పరుగెత్తాడు. "సార్, అవయవం పేరు మోచెయ్యి అని రాశానండి. కారణం అన్నచోట ఏం రాయమంటారండి?"

ఆయన కారణం చెప్పలేదు. ఎడమచేత్తో చాప మీద రెండుసార్లు తట్టారు. ఆయనకది ఎవరూ నేర్పలేదు.

రెండో చప్పుడు వినిపించేలోపే వీరమణి వదిలేసింది.

విశ్వనాథం గారు లేచి కూర్చున్నారు. చెయ్యి ముడిచి చూసుకున్నారు, చాచి చూసుకున్నారు. అది బాగానే ఉంది. జుట్టు మాత్రం ఓ పక్కకు లేచింది. షామియానా కింద నాలుగు వందల మంది చూస్తున్నారు.

"ఉత్తర్వు లేకుండా విడిచిపెట్టారమ్మా," అన్నాడు భద్రం మెల్లగా. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

మర్నాడు వీరమణికి సంజాయిషీ నోటీసు అందింది. ఓ అధికారిని నిబంధనలకు విరుద్ధంగా విడిచిపెట్టినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదు అని. ఆమె కింద ఒక్క వరుస రాసి పంపింది. "ఆయన తట్టారు, నేను వదిలాను."

ఆ ఫైలు విశ్వనాథం గారి బల్ల మీద మూడు పనిదినాలు ఉంది. వీరమణిని తొలగించాలంటే ఆమె విడిచిపెట్టిందని రాయాలి. విడిచిపెట్టిందంటే ఆయన తట్టారని రాయాలి. తట్టారంటే దరఖాస్తు లేకుండా తట్టారు, కాబట్టి ఆరు మాసాలపాటు పురపాలక కార్యాలయంలోనికి రాకూడదు. రాకపోతే ఆ ఫైలు మీద సంతకం పెట్టడానికి వీలులేదు. ఆయన నిబంధనను ఇటునుంచి చదివారు, అటునుంచి చదివారు. అది చాలా బాగా రాసిన నిబంధన. ఎటూ కదలనివ్వలేదు.

మూడోరోజు సాయంత్రం ఆయన ఇలా రాశారు. సదరు దినమున వేదికపై పట్టుగాని, తట్టుటగాని, విడుచుటగాని జరిగియుండలేదు. విచారించగా, జుజిట్సు అనునది ఈ పుర పరిధిలో లేదు, ఎన్నడూ ఉండలేదు.

లేని కళకు ధ్రువపత్రం అక్కర్లేదు, ఏడవ నమూనా కూడా అక్కర్లేదు. మరి ఆ మేడమీద గదిలో ముప్పై ఒక్కమంది పిల్లలు నేల మీద దొర్లుతూ ఏం చేస్తున్నట్లని పై అధికారుల నుంచి ప్రశ్న వచ్చింది. భద్రం జీవితంలో మొదటిసారి తల ఎత్తి, తనే జవాబు రాశాడు. నేలపై దుమ్ము తొలగించు కార్యక్రమము. దుమ్ము ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగలేదు. అది ఈ ఊరిదేనని అందరికీ తెలుసు.

సూరన్న బండి దగ్గర రాయిని పెరికి బోర్లా వేశారు. దాని మీద ఆయన అల్లం తొక్కుతున్నాడు.

సోమవారం నాలుగింటికి ముప్పై ఒక్కమందీ వచ్చారు. తట్టే చప్పుళ్లు, వదిలే చప్పుళ్లు, నవ్వులు గదిలో మళ్లీ నిండాయి. నూకరత్నం కొంచెం ఆలస్యంగా వచ్చి, గోడ ఖాళీగానే ఉందక్కా, ఎందుకో ఆళ్లు నన్ను చూడగానే దిగిపోయారు, అంది. ఎందుకో తనకేమీ తెలియదన్నట్టు కుడి మణికట్టు రాసుకుంటోంది.

ఐదుంబావుకి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. విశ్వనాథం గారు బూట్లు విడిచి, జతగా సర్ది పెట్టి, మేజోళ్లతో నిలబడి ఉన్నారు. చేతిలో ఫైలు లేదు. ఫైలు లేకపోయేసరికి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

"ఆ రోజు జరగని ఆ పట్టు ఉన్నది కదా," అన్నారు గొంతు తగ్గించి. "దాని నుంచి బయటపడు మార్గం ఏమైనా కలదా?"

"ఉందండి. నేర్చుకోడానికి మూడు నెలలు పడతాది."

"దరఖాస్తు ఏమైనా సమర్పించవలెనా?"

"అక్కర్లేదండి," అంది వీరమణి, చాప మీద ఆయనకు చోటిస్తూ. "మొదటి పాఠం మీకు వచ్చేసింది."